నీలం కొళాయి

మార్చి 9

చిట్టికి అక్క దీవెనలు.

ఇక్కడ నేను దేవుడి దయవల్ల నిలబడి ఉన్నాను. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మీ వదినా, పిల్లలూ చల్లగా ఉండాలని రెండు పూటలా అడుగుతున్నాను. చేరిన సంగతి ఫోనులో చెప్పాను. కానీ ఆ ఫోను రిసెప్షన్ బల్ల మీద ఉంటుంది, వెనక నలుగురు వరసలో నిలబడి ఉంటారు. వాళ్ల ముందు ఏం మాట్లాడతాను? అందుకే ఉత్తరం.

చాలా పెద్ద ఊరు. విమానం దిగుతుంటే కిటికీలోంచి చూశాను. ఎంతసేపూ ఇసుకే. తర్వాత ఉన్నట్టుండి మేడలు, ఎవరో తెచ్చి ఇసుకలో గుచ్చి వెళ్లిపోయినట్టు. చెట్టుకి కూడా గొట్టంతో నీళ్లు పెడితేనే బతుకు. రోడ్ల మీద కార్లే గాని నడిచే మనిషి ఉండడు. దాటాలంటే నేల కిందికి దిగి అవతల తేలాలి. మొదటిసారి దిగినప్పుడు ఎటు తేలానో తెలియలేదు. ఒకే అచ్చులో పోసిన మూడు మేడలు, మూడింటికీ అద్దాల తలుపులే. తప్పు మేడలోకి వెళ్లాను. కాపలా ఆయన కార్డేదమ్మా అని మామూలుగానే అడిగాడు. యాభై నాలుగేళ్ల మనిషిని, చేతిలో బ్రెడ్డు పట్టుకుని తప్పిపోయిన పిల్లలా నిలబడ్డాను.

నీకు తప్ప ఇంకెవరికీ రాయను. నాకు భయంగా ఉంది. గది తలుపంటే భయం, దానంతటదే మూసుకుని తాళం పడిపోతుంది. కిటికీ తెరుచుకోదు. లేవగానే తెల్లారిందో లేదో గోడ గడియారాన్ని అడగాలి.

పని భయం లేదు. వృద్ధుల హోమ్. ఐదంతస్తులు, నాది మూడోది. పన్నెండుమంది ముసలమ్మలు, మా అంతస్తు పెద్దతో కలిపి ఐదుగురు ఆయాలం. ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం, నడిపించడం. అమ్మకి ఆరేళ్లు చేశాను కదా, చేతులకి తెలుసు.

రెండో రోజు పొద్దున నాలుగు నామాలు చెప్పుకుని ఒక్క అగరొత్తి వెలిగించాను. అంతే. పైకప్పుకున్న ఏదో గుండ్రటిది కూయడం మొదలెట్టింది. ఆ వెంటనే మేడంతా కూసింది. ఐదంతస్తుల జనం మెట్ల మీదికి వచ్చేశారు, చక్రాల కుర్చీలతో సహా. నేను ఆర్పేసిన అగరొత్తిని కొంగులో దాచుకుని వాళ్లతోపాటే దిగాను. వీధిలో నిలబడ్డాక మా అంతస్తు పెద్ద నా పక్కకి వచ్చి వాసన చూసి, ఓహో, మంట మా పెద్దక్క కొంగులోనే ఉందే అంది. పోనీలే అక్కా, పదకొండేళ్లలో ఇంతమందిని మెట్లు దించిన దేవుణ్ణి నేను చూడలేదు, అందరికీ వ్యాయామం అయింది అని నవ్వి, పైవాళ్లకి రొట్టె మాడిందని చెప్పి నన్ను తప్పించింది.

ఆమెను అందరూ రేడియో అంటారు. ఆమె కూడా పలుకుతుంది. పొద్దున ఆరింటికి మొదలైతే ఆగదు. భర్త ఇదే ఊళ్లో లిఫ్టు మెకానిక్కు. లిఫ్టులు ఎక్కడైనా ఆగుతాయి గాని మా ఆవిడ నోరు ఆగదు అంటాడట, అదీ ఆవిడే చెప్తుంది. కాని మనసు వెన్న. నాకు చెయ్యిపట్టుకుని రోడ్డు దాటడం నేర్పింది ఆవిడే.

నిన్ను కూడా ఇక్కడ పనిలోకి తెచ్చుకునే సంగతి ఈ హోమ్ నడిపే మేట్రనమ్మని అడిగాను. నా మొదటి మూడు నెలలు మాట రాకుండా గడిస్తే నీ కాగితాల మీద సంతకం పెడతానంది. అక్కాచెల్లెళ్లకి ఒకే గది ఇస్తారట. కాబట్టి ఓపిక పట్టు. మీ వదిన నువ్వు పడుకునే వరండా మంచం గురించి ఏమన్నా ఒక చెవిన విను. ఇంకో చెవి దేవుడు ఊరికే పెట్టలేదు.

ఇట్లు,
అక్క


ఏప్రిల్ 27

చిట్టికి అక్క దీవెనలు. క్షేమం.

నీ ఉత్తరమూ ఫొటోలూ అందాయి. రెండు ఫొటోలు చాలన్నాను, ఎనిమిది పంపావు. అన్నిటిలోనూ ఎవరో గిచ్చినట్టే ఉన్నావు. మంచిది ఒకటి ఏరి మేట్రనమ్మకి ఇచ్చాను.

బొత్తాల కొట్టులో పని మానేస్తున్నానని అప్పుడే చెప్పేశావని రాశావు. ఎందుకే ఆ తొందర? ఆలూ లేదు చూలూ లేదు. ఈ నెలాఖరు దాకా అయినా ఆగాల్సింది. సరే, అన్నావు కాబట్టి అయింది.

ఇక్కడ కాస్త కుదుటపడ్డాను. ఒంటరిగా కొట్టుకి వెళ్లి వస్తున్నాను. గుండె కొట్టుకుంటుంది గాని కాళ్లు నడుస్తున్నాయి. ఎండ పెరిగింది. పదిగంటలకి బయటి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది.

నాకు ఎక్కువగా అప్పగించేది టైపిస్టమ్మని. ఏదో ఆఫీసులో ముప్పై ఐదేళ్లు టైపు కొట్టిన మనిషి. ఇప్పటికీ దుప్పటి మీద వేళ్లు ఆడుతూనే ఉంటాయి. ఏం కొడుతున్నారమ్మా అంటే, నీ మీద ఫిర్యాదు, మూడు కాపీలు అంటుంది. షుగరు ముదిరి మోకాళ్ల కింద స్పర్శ పోయింది. చెప్పు కరిచినా తెలియదు. అందుకని రోజూ ఆ పాదాలు రెండూ తిప్పి తిప్పి చూస్తాను. దేవుడి పాదాలైనా అంత శ్రద్ధగా చూడలేదేమో.

ఉంటాను.
అక్క


మే 22

చిట్టీ, దీవెనలు.

ఉత్తరం ఆలస్యమైంది. ఇక్కడ ఒక చెడ్డ పని జరిగింది. నెమ్మదిగా చదువు.

ముందు నీళ్ల సంగతి చెప్పాలి. ప్రతి స్నానాలగదిలో రెండు కొళాయిలు. నీలం గుర్తున్నది చన్నీళ్లు, ఎర్ర గుర్తున్నది వేణ్నీళ్లు. ఎర్రదానికి నీళ్లు గీజర్లోంచి వస్తాయి, నీలందానికి నేరుగా మేడమీది ట్యాంకులోంచి. మే వచ్చేసరికి ఆ ట్యాంకు ఎండకి పొయ్యి మీద పెట్టినట్టు కాగిపోతుంది. అప్పుడు గీజర్లన్నీ కట్టేస్తారు. గీజరు చల్లటి గదిలోనే ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు చల్లబడతాయి. అంటే ఆ రోజు నుంచి ఎర్రది చన్నీళ్లు, నీలంది సలసలా కాగినవి. కొళాయిలు తిరగబడతాయన్నమాట. ఈ ఊళ్లో పసిపిల్లలకి కూడా ఇది తెలుసట. కొత్తవాళ్లకి ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. అందుకని గీజర్లు కట్టేసిన రోజు ప్రతి అంతస్తు పెద్దా తన ఆయాలకి చెప్పి రిజిస్టరులో సంతకం చేయించాలని హోమ్‌లో నియమం.

మే 14న కట్టేశారు. అదే రోజు మధ్యాహ్నం టైపిస్టమ్మకి గోళ్లు తీయాలి. ముందు పాదాలు నానబెట్టాలి. షుగరు మనిషి, వేడి తగలకూడదని ఎర్రది ముట్టుకోకుండా నీలం కొళాయే నిండా తిప్పాను. చేతులకి మందపాటి గ్లౌజులున్నాయి. పాదాలు బేసిన్‌లో పెట్టి, గోళ్లు తీసేది కనపడక పెట్టెలో వెతుకుతున్నాను. నీళ్లు హాయిగా ఉన్నాయా అని అడిగాను. ఏమోనే, నా కాళ్లు ఎప్పుడో దీర్ఘకాలం సెలవు పెట్టాయి, వాటినే అడుగు అంది. ఇద్దరం నవ్వాం.

పదినిమిషాలయ్యాక పాదం పైకి తీశాను. తువాలుతో అద్దితే చర్మం తువాలుకి వచ్చేసింది. ఆవిడ అరవలేదు. ఏమైందే, మొహం అలా పెట్టావేం అంటూ నా వైపే చూస్తోంది. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

ఆస్పత్రికి తీసుకెళ్లారు. రెండు వేళ్లు నిలుస్తాయో లేదో పది రోజులు చూడాలన్నారు.

సాయంత్రం మేట్రనమ్మ నన్నూ రేడియోనీ తన గదికి పిలిచింది. రిజిస్టరు ముందు పెట్టింది. మిగతా ముగ్గురికీ సంతకాలున్నాయి. నా పేరుకి ఎదురుగా సంతకం లేదు, రేడియో పెట్టిన టిక్కు ఉంది. కొళాయిల సంగతి నీకు చెప్పారా అని అడిగింది. నాకెవరూ చెప్పలేదన్నాను.

రేడియో గయ్యిమంది. అదేంటక్కా, మూడో నంబరు గది బయట నేను చెప్పలేదా, నీ చేతులకి గ్లౌజులున్నాయని నేనే టిక్కు పెట్టలేదా అంది. అప్పుడక్కడ ఎవరున్నారని మేట్రనమ్మ అడిగింది. మేమిద్దరమే అంది రేడియో. మేట్రనమ్మ రిజిస్టరు మూసేసింది. నీ నోరు రోజంతా ఆగదు, అందులో ఏది చెప్పావో ఏది మిగిల్చావో నీకే తెలియదు, ఈవిడ దేవుణ్ణి నమ్ముకున్న మనిషి, అబద్ధమాడదు అంది.

జూన్ 6న పైవాళ్లు వచ్చి విచారణ చేస్తారు. తప్పు రేడియోదని తేలితే పని తీసేసి పంపేస్తారు. అలా వెళ్లినవాళ్లని ఈ ఊరు మళ్లీ రానివ్వదు. భర్త ఇక్కడ, ఆమె అక్కడ.

నేను డ్యూటీ చేస్తున్నాను. కొళాయి తిప్పే ముందు మోచెయ్యి పెట్టి చూస్తున్నాను, ఆగి మళ్లీ చూస్తున్నాను. తాగే నీళ్లు కూడా.

అక్క


జూన్ 1

చిట్టీ,

ఉత్తరం అందింది. నీ తప్పేం లేదక్కా, చెప్పనిది నీకెలా తెలుస్తుంది, ఆ వాగుడుకాయకి బాగా అయింది అని రాశావు. దాన్ని అలా అనకు.

అది ఇప్పుడు మాట్లాడటం లేదు. మేట్రనమ్మ పిలిచిన మర్నాటి నుంచీ పొద్దున ఆరింటికి వచ్చి, పనులు పంచి, ఊరుకుంటుంది. మూడో అంతస్తంతా గడియారం చప్పుడు వినిపిస్తోంది. ముసలమ్మలు రేడియో పాడైందా అని అడుగుతున్నారు.

అన్నం సయించడం లేదు. జపం సాగడం లేదు, మొదలుపెట్టిన చోటే ఆగిపోతోంది. నాకోసం కాదు, టైపిస్టమ్మ వేళ్ల కోసం నువ్వు దేవుడికి చెప్పు. నీ మాట వింటాడేమో.

అక్క


జూన్ 6, ఉదయం

చిట్టికి అక్క దీవెనలు.

నీ ఒంట్లో నలతగా ఉందని తమ్ముడు ఫోనులో చెప్పాడు. వేళకి తిను. మీ వదిన పెట్టింది పెట్టినట్టు తినేసి గిన్నె కడిగి పెట్టు, మాట రాదు.

టైపిస్టమ్మని నిన్న వెనక్కి తెచ్చారు. బొటనవేలు నిలిచింది. చిటికెన వేలు నిలవలేదు, తీసేశారు. కట్టు విప్పేటప్పుడు నేను తల తిప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి లాగి, పదివేళ్లతో టైపు కొట్టినదాన్ని, అవి పదీ పైనే ఉన్నాయి, కింది వేలుతో నేను ఒక్క అక్షరం కూడా కొట్టలేదు, ఏడవకు అంది. ఇలాంటి మనిషి వేలు.

నిన్న మధ్యాహ్నం దుప్పట్ల గదిలో మడతలు వేస్తున్నాను. రేడియో వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇరవై రోజుల తర్వాత నాతో మాట్లాడింది. సామాను సర్దుతున్నానంది. మూడు పెట్టెలు అవుతాయనుకుంటే ఒకటిన్నరే అయింది, పదకొండేళ్లు ఒకటిన్నర పెట్టెలో పట్టాయి చూశావా అక్కా అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. మా ఆయన మొన్నట్నుంచీ లిఫ్టు బాగుచేస్తున్నానని చెప్పి వెళ్లి ఆ లిఫ్టులోనే కూర్చుంటున్నాడట అంది.

తర్వాత అసలు మాట చెప్పింది. అక్కా, నేను చాలా ఆలోచించాను, నేను చెప్పాననే నాకు గుర్తు, నీ మొహం కూడా గుర్తు, నువ్వు తలాడించినట్టు గుర్తు. కాని నేను రోజుకి వెయ్యి మాటలు వాగుతాను, చెప్పాలనుకున్నదాన్నే చెప్పాననుకున్నానేమో, నువ్వయితే అబద్ధమాడే మనిషివి కాదు, నీ మొహం చూస్తేనే తెలుస్తుంది, కాబట్టి నేనే చెప్పలేదు. రేపు పదింటికి పైవాళ్ల ముందు అదే ఒప్పేసుకుంటాను. ముసలావిడ వేలు నా వల్లే పోయింది. ఆ రోజు మేట్రనమ్మ గదిలో నీ మీద కేకలేశాను, క్షమించక్కా. ఇలా అని, వంగి నా కాళ్లు ముట్టుకోబోయింది.

నేను వెనక్కి జరిగాను. చేతిలో దుప్పటి ఉంటే రెండో కొస ఆమె అందుకుంది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మడిచాం. అలా పదకొండు దుప్పట్లు మడిచాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

పదింటికి విచారణ. నన్ను మొదట పిలుస్తారట. ఇప్పుడు ఎనిమిది దాటింది. దేవుడు అందరినీ చల్లగా చూడాలి. పిల్లలకి ముద్దులు, తమ్ముడికీ మరదలికీ ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ అక్క


తా.క.

కవరు అంటించి మళ్లీ చింపాను.

రేడియో నాకు చెప్పింది.

మూడో నంబరు గది బయట, ఆరున్నరకి. భర్త పన్నునొప్పితో మొదలుపెట్టి, కొత్త కర్టెన్ల మీదికి పోయి, మధ్యలో కొళాయిల సంగతి చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే లోపల నామం చెప్పుకోవడం నేను అలవాటు చేసుకున్నాను. ఎవరికీ తెలియదు. వింటున్నట్టే ఉంటాను. ఆ రోజూ చెప్పుకుంటున్నాను. నీలం అన్నమాట చెవిన పడింది, తిరగబడతాయి అన్నది కూడా పడింది. లెక్క తప్పకూడదని తలాడించి నామం పూర్తిచేసుకున్నాను. టైపిస్టమ్మ పాదం పైకి తీసిన క్షణంలో ఆమె మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా వినపడ్డాయి.

ఆ సాయంత్రం మేట్రనమ్మ బల్ల మీద నీ కాగితాలు ఉన్నాయి. పైన నీ ఫొటో. అడగ్గానే లేదన్నాను. ఎంత నెమ్మదిగా వచ్చిందంటే ఆ మాట నాకే నిజంలా వినపడింది. పైన కొట్టేసిన ముక్క కనిపిస్తుంది చూడు, నీ కోసమే అబద్ధమాడానని రాయబోయాను. కాదు. ఫొటో చూడకముందే భయం నా నోట్లో ఉంది. మే 22న నీకు రాసినప్పుడు అక్కడ ఏ మేట్రనమ్మా లేదు, అయినా నాకెవరూ చెప్పలేదన్న మాటనే నిజంలా నీకు కూడా రాశాను.

ఇరవై రోజులు నన్ను నేను ఇలా సమాధానపరచుకున్నాను: ఆమె తనను తాను కాపాడుకుంటుందిలే, గట్టిగా అరుస్తుంది, ఎవరో ఒకరు నమ్ముతారు. ఆమె నన్నే నమ్మింది. తన చెవులతో విన్న తన మాటని పక్కన పెట్టి నా మొహాన్ని నమ్మింది. పైగా నా కాళ్ల మీదికి వంగింది.

నీ కాగితాలు తిరిగి వస్తాయి. ఇది అందిన రోజే బొత్తాల కొట్టాయన దగ్గరికి వెళ్లి, నీ చోటు ఇంకెవరికీ ఇవ్వొద్దని అడుగు. నా మీద కోపం వస్తుంది. రానీ. నేనూ కొన్నాళ్లలో వచ్చేస్తాను, వరండాలో చాప వేసుకుంటాను. మీ వదినతో నేను మాట్లాడతాను.

ముందు రోడ్డు దాటి ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను. ఆ తర్వాతే పైకి వెళ్తాను. ఇది నీ చేతికి ఒకసారి బయలుదేరిందంటే ఆ గదిలో నేను ఇంకో మాట చెప్పడానికి ఉండదు. నీకు తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే కదా.

భయం పోలేదే చిట్టీ. తొమ్మిదింపావు అయింది, వెళ్తున్నాను.